పంక్తిలో విస్తరి ఎవరికి?

ఎ. రేవతి తమిళంలో రాసుకున్న జీవితకథ 2010లో ఇంగ్లీషు పుస్తకంగా వెలువడింది. పి. సత్యవతి గారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. నామక్కల్ వైపు పల్లెలో మొదలై ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు చేరే కథ. మనం తిరిగే దారుల కథే.

జాలికథగా చదివేవాళ్లు చదువుతారు. నాకు మాత్రం ఇది గుంపులో చోటు గురించిన పుస్తకం. ఇంట్లో నిలవలేని మనిషికి జమాత్ ఇల్లవుతుంది, గురువు తల్లవుతుంది. ఆ ఇంటికీ కట్టుబాట్లున్నాయి. జుట్టు పెంచాలి, చీర కట్టాలి. నిర్వాణం అయినవాళ్ల మర్యాద వేరు, కానివాళ్ల మర్యాద వేరు. రేవతి ఇవేవీ దాచలేదు. పుస్తకం బలం అక్కడే ఉంది.

పోలీసు లాఠీకీ రౌడీ కత్తికీ భయపడి బతికేవాళ్లు తలుపు గట్టిగా వేసుకుంటారు. అందులో తప్పులేదు. కాని ఆ తలుపు బయట మరికొందరు మిగిలిపోతారు. ఆడా మగా రెంటిలో ఒకటి కమ్మంటే కాలేనివారు, నేడు జెండర్ క్వీర్ అని చెప్పుకుంటున్నవారు. ‘నువ్వు మాలో మనిషివేనా?’ అని పరాయివాళ్లడిగితే ఓర్చుకోవచ్చు. అయినవాళ్లే అడిగితే ఎక్కడికి పోవాలి? 2019లో పార్లమెంటు చేసిన చట్టం నిర్వచనంలో హిజ్రా, జోగ్తా పేర్ల పక్కన జెండర్ క్వీర్ అన్న మాటనూ చేర్చింది. కాగితం మీద పేరు పడినంతలో పంక్తిలో విస్తరి పడదు.

ఉళుందూరుపేట దగ్గర కూవాగం జాతరనే చూడండి. చిత్రా పున్నమికి అరవానుతో తాళి కట్టించుకుని, మర్నాడు తెంపుకుని ఏడుస్తారు. అరవాను మన భారతంలోని ఇరావంతుడే. అక్కడివారి కథలో అతణ్ణి పెళ్లాడిన కృష్ణుడు ఆ ఒక్క రాత్రికే మోహిని. స్థిరంగా ఒక రూపంలో ఉండమని కథ అడగలేదు. అడిగేది మనుషులే.

సత్యవతి గారి తెలుగులో ఒక సంగతి గమనించాను. ‘వచ్చాను, ఏడ్చాను’ అన్నచోట ఆడా మగా తేడా లేదు. ‘వచ్చాడు, వచ్చింది’ అనేసరికి తేల్చక తప్పదు. ‘వచ్చారు’ అంటే మళ్లీ ఆ పేచీ లేదు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడూ, ఎదుటివారిని గౌరవించేటప్పుడూ మన భాష లింగం అడగదు. ఏ సభకైనా ఈ మర్యాద చాలు.

2016లో నందినీ మురళితో కలిసి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో రేవతి తన కథ పక్కనే ట్రాన్స్ పురుషుల కథలకూ చోటిచ్చారు. తలుపు లోపలివారే తెరవగలరనడానికి అదే సాక్ష్యం. ఇక్కడ తెలుగోళ్లం, అక్కడికి పోతే అరవోళ్లం అనిపించుకునే మనకు ఈ రెండు పుస్తకాలూ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.