నీటి నాడి పట్టిన డాక్టరు

శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారన్న వార్త పేపర్లో పడిందంటే చాలు, సున్నిపెంట ఘాట్ రోడ్డులో బస్సులు, కార్లు బారులు తీరతాయి. ఆ దృశ్యం చూసి తీరవలసిందే. పన్నెండు గేట్లు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. గేటు ముఖం బల్లపరుపుగా ఉండదు, వృత్తంలోంచి కోసిన ముక్కలా వంపు తిరిగి ఉంటుంది. దాని వెనక నుంచి ఉక్కు చేతులు వెళ్లి ఇరుసు దగ్గర కలుస్తాయి. నీళ్లు ఎంత బలంగా నెట్టినా ఆ నెట్టుడంతా వంపు మీదుగా సూటిగా ఇరుసుకే చేరుతుంది. కాబట్టి గేటు లేపే యంత్రం కృష్ణా నదితో కుస్తీ పట్టనక్కర్లేదు. గేటు బరువునీ, అంచుల రాపిడినీ మోస్తే చాలు. ఈ కిటుకు తెలిశాక ఆ నురగ ఇంకా అందంగా కనిపిస్తుంది.

అయితే నా కళ్లు నురగ మీద ఎక్కువసేపు నిలవవు. నీటిమట్టం చూపే అంకెల కోసం వెతుకుతాయి. 885, 870, 854. ఈ అలవాటు నాకు ఒక డాక్టరు రాసిన పుస్తకం చదివాక అబ్బింది. డాక్టరు పేరు ఎం.వి. రమణారెడ్డి. పుస్తకం పేరు ‘రాయలసీమ కన్నీటిగాథ’.

మల్లెల వెంకట రమణారెడ్డి 1944లో పుట్టారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, కడప జిల్లా ప్రొద్దుటూరులో ప్రాక్టీసు పెట్టారు. నామమాత్రపు ఫీజుకే వైద్యం చేసి పేదల డాక్టరనిపించుకున్నారు. కార్మికుల పక్షాన నిలబడ్డారు, ‘ప్రభంజనం’ పత్రిక నడిపారు, జైలు జీవితం చూశారు. 1983లో ప్రొద్దుటూరు నుంచి శాసనసభకు వెళ్లారు. రాయలసీమ విమోచన సమితి పెట్టి సీమ నీళ్ల కోసం ఉద్యమించారు. కథలు, అనువాదాలు, చరిత్ర రాశారు. 2021 సెప్టెంబరు 29న కన్నుమూశారు. ఇన్ని పనులు చేసిన మనిషిని ఏ ఒక్క పని పేరుతోనో పిలవడం కష్టమే. కానీ వాటన్నిటి వెనకా ఒకే పనితనం ఉందని నాకనిపిస్తుంది. అది వైద్యుడి పనితనం.

మంచి డాక్టరు గదిలో ఏం జరుగుతుందో గమనించండి. రోగి వస్తూనే బాధ చెప్పుకుంటాడు. డాక్టరు ఓపిగ్గా వింటాడు, కానీ బాధ దగ్గరే ఆగిపోడు. ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఏం జరిగింది, ఏం తింటే తగ్గింది, ఎవరు ఏ మందు ఇచ్చారు అని వరసగా అడుగుతాడు. తేదీలు సరిచూస్తాడు. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడు. జాలి పడటం ఎవరికైనా చేతనవుతుంది. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతోందో వేలితో వెతికి పట్టుకోవడానికి చదువు కావాలి, సహనం కావాలి. ‘కన్నీటిగాథ’ అనే పేరు రోగి నోట వచ్చిన మాట. లోపల ఉన్నది మాత్రం కేసు షీటు. సీమకు నీళ్ల విషయంలో జరిగిన అన్యాయం అందులో చరిత్ర క్రమంలో విప్పుకుంటూ పోతుంది.

ఆ కేసు షీటు పద్ధతిలో మనమూ ఒకసారి తేదీలు పేర్చి చూద్దాం.

1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్. కోస్తా నాయకులూ సీమ నాయకులూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. రాజధాని కావాలో హైకోర్టు కావాలో ఎంచుకునే హక్కు కూడా సీమదే. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1956లో ఆ రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. నీళ్ల మాట కాగితం మీద మిగిలింది.

1951. కృష్ణ నీటిని పెన్నలోకి మళ్లించే కృష్ణా-పెన్నార్ పథకాన్ని మద్రాసు ప్రభుత్వం తయారు చేసింది. కృష్ణ మీద సిద్ధేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలన్నది అందులో భాగం. అంటే సీమ నేలకు ఎగువన, నీరు తనంతట తాను పల్లానికి పారే చోట. మరుసటి ఏడాది, ప్రాజెక్టు స్థలాన్ని పరిశీలించిన ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది. 1955 డిసెంబరు 10న అక్కడ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. నందికొండ నల్లమలకు దిగువన ఉంది. అక్కడ ఆగిన నీరు కొండలెక్కి వెనక్కి, సీమకు రాలేదు. ఒక ఆనకట్ట నది వెంట కిందికి జరిగింది, అంతే. ఆ జరుగుడుతో లక్షల ఎకరాల రాత మారిపోయింది.

1963 జూలై 24. శ్రీశైలంలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇది కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. డ్యాం నిండే నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. నదీతీరపు నల్లరేగడి పొలాలు, ఇళ్లు, గుళ్లు, చింతతోపులు నీటి అడుక్కి పోయాయి. మరి కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలానికి లెక్క రాసిన నీరెంత? 33 టీఎంసీలు. ఏ పంట కోసం? ఏ పంటకూ కాదు. ఎండకు ఆవిరై పోయే నీటి కోసం! ఊళ్లకు ఊళ్లు మునిగిన చోట ఆవిరికి దక్కిన వాటా సేద్యానికి దక్కలేదు. తర్వాత శ్రీశైలం కుడి కాలువకు 19 టీఎంసీలు, 1983లో తెలుగు గంగ ఒప్పందంతో మద్రాసు తాగునీటికి 15 టీఎంసీలు జలాశయం ఒడ్డునున్న పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్ దారిలో నడిచాయి. ఆ దారి పట్టుకునే సీమ రైతు తన వాటా అడగడం మొదలుపెట్టాడు.

ఇక నాడి పట్టే చోటికి వద్దాం. శ్రీశైలం జలాశయాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. సముద్రమట్టం నుంచి కొలిచిన నాలుగు ఎత్తులు గుర్తు పెట్టుకుంటే చాలు.

మొదటిది 885 అడుగులు. జలాశయం నిండుకుండ అయ్యే మట్టం ఇది. రెండోది 830. పన్నెండు గేట్లు కూర్చున్న కట్ట ఎత్తు అది. 830కి 55 అడుగుల గేటు కలిపితే 885. మూడోది 841. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ గడప. సీమ కాలువల్లోకి నీరు అడుగుపెట్టే ముఖ్యమైన తలుపు ఇదే. ఆ తలుపుకు గడప 841 దగ్గర ఉంది. నీరు అంతకన్నా కిందికి దిగితే గేట్లు బార్లా తెరిచినా చుక్క లోపలికి రాదు. నాలుగోది కాగితం మీద రాసే ఎత్తు. జలాశయాన్ని ఎంతవరకు ఖాళీ చేయవచ్చో చెప్పే కనీస నీటిమట్టం.

ఈ నాలుగో ఎత్తు దగ్గరే వేలు పెట్టి నొక్కాలి. 1996లో జీవో 69 దాన్ని 834గా రాసింది. 841 పక్కన 834 పెట్టి చూడండి. గడపకు ఏడు అడుగుల కింద! పవర్‌హౌస్‌లు గడపకన్నా బాగా లోతు నుంచే నీటిని పట్టుకోగలవు. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున కొండ కడుపులో 900 మెగావాట్లు. కరెంటు కోసం, దిగువ అవసరాల కోసం నీటిని దించుకుంటూ పోయినా ఎవరూ నియమం తప్పినట్టు కాదు. కాలువ మాత్రం ఎండుతుంది. 2004లో జీవో 107తో ఈ కనీస మట్టం 854కు పెరిగింది. ఆ ఇరవై అడుగుల కోసం సీమలో ఎన్ని సభలు జరిగాయో, ఎందరు రోడ్డెక్కారో ఆ కాలంలో బతికినవాళ్లకు తెలుసు.

ఇరవై అడుగులంటే ఎంత నీరు? ఇక్కడ కొండలోయ ఆకారం పని చేస్తుంది. లోయ అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. పళ్లెంలో పై అంగుళం పట్టినంత నీరు అడుగు అంగుళం పట్టదు కదా, అలాగే. 834 దగ్గర సుమారు 54 టీఎంసీలు ఉంటే, 854 దగ్గర సుమారు 90 ఉంటాయి. 885 దగ్గర సుమారు 215. ఒకప్పుడు 308 పట్టిన జలాశయం పూడికతో ఇంతకు తగ్గింది. పై 31 అడుగుల్లోనే సగానికి పైగా నీరు ఉందన్నమాట. పై అడుగుల్ని కాపాడుకోవడమే కాలువను కాపాడుకోవడం.

కాలువ పారుదలకూ ఇదే సూత్రం. గడప మీద నీరు ఎంత ఎత్తు నిలబడితే లోపలికి అంత ఉరవడిగా దూకుతుంది. పోతిరెడ్డిపాడు సామర్థ్యం మొదట్లో 11,150 క్యూసెక్కులు. 2005 తర్వాత దాన్ని 44,000 చేసేలా విస్తరించారు. అంటే రోజుకు సుమారు 3.8 టీఎంసీలు. ఆ అంకె చూసి సీమ తడిసిపోయిందనుకుంటే పొరపాటు. అంత నీరు రావాలంటే జలాశయంలో మట్టం 880 అడుగులు దాటి ఉండాలి. ఆ ఎత్తున నీరు నిలిచేది వరద రోజుల్లోనే. అందుకే ఈ కాలువల కింది రైతు ఆకాశంతోపాటు పేపర్లో వచ్చే మట్టం అంకె కూడా చూసి నారు పోస్తాడు.

ఇలా భాగాలు విడదీసి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కరువు దేవుడిచ్చిందని తరతరాలుగా అనుకున్నాం. వాన తక్కువన్న మాట నిజమే. కానీ ఆనకట్ట ఎక్కడ కట్టాలో, గడప ఏ ఎత్తున పెట్టాలో, కాగితం మీద ఏ అంకె వేయాలో నిర్ణయించింది మనుషులు. అన్యాయానికీ ఇరుసులు, గడపలు, గేట్లు ఉంటాయి. వాటిని పేరుపేరునా గుర్తుపట్టగలిగినవాడి కోపమే అవతలివాడి చేత లెక్క చెప్పిస్తుంది. రమణారెడ్డిగారి దయలో నాకు కనిపించే గొప్పదనం అదే. అది కళ్లు తుడిచి ఊరుకునే దయ కాదు, కారణం దొరికేదాకా వెతికే దయ.

ఆయన భాషలోనూ ఆ పనితనమే ఉంటుంది. ఫ్రెంచి ఖైదీ హెన్రీ షారియర్ ఆత్మకథ ‘పాపియాన్’ను తెలుగు చేసి ‘రెక్కలు చాచిన పంజరం’ అని పేరు పెట్టారు. మూలంలో పేరుకు అర్థం సీతాకోకచిలుక. అందరికీ తోచే మాట ‘రెక్కలు చాచిన పక్షి’. ఆయన పక్షిని తీసేసి పంజరానికే రెక్కలు తొడిగారు. ఖైదు చేసిన చోటే ఎగరాలన్న కోరిక పుడుతుందన్న భావం ఆ మూడు మాటల్లో ఇమిడిపోయింది. మార్టిన్ లూథర్ కింగ్ జీవితానికి ‘ఆయుధం పట్టని యోధుడు’ అన్నారు. మానవజాతి కథను సంపుటాలుగా రాస్తూ ‘టూకీగా ప్రపంచ చరిత్ర’ అన్నారు. ‘సంక్షిప్త’ అని బరువుగా రాయొచ్చు. కానీ ‘టూకీగా’ అనేది రచ్చబండ మీద కూర్చున్న మనిషి వాడే మాట. మందు చీటీ రోగికి అర్థం కావాలన్న పట్టింపు ఆ పేర్లలో కూడా ఉంది.

రోగం పట్టుకున్నాక చికిత్స చెప్పాలి. 2016 మే 31న వేలాది మంది రైతులు సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ ఒడ్డుకు చేరి, అలుగు కట్టాలని తామే శంకుస్థాపన చేశారు. అలుగంటే పెద్ద డ్యాం కాదు. శ్రీశైలం జలాశయం లోపలే, ఎగువన, నదికి అడ్డంగా తక్కువ ఎత్తు కట్ట. దిగువన జలాశయం దిగిపోయినా కట్ట వెనక నీరు గడపకు అందే ఎత్తులో నిలుస్తుంది. వరద వస్తే కట్ట మీంచి పొర్లి పోతుంది. కొలిచి అడిగిన కోరిక అది. 1951 నాటి కాగితం మీది ఊరి పేరు అరవై ఐదేళ్ల తర్వాత రైతుల నోట వినిపించిందంటే, ఆ కేసు షీటును పోగొట్టకుండా చేతులు మార్చుకుంటూ వచ్చినవాళ్లున్నారని అర్థం. రమణారెడ్డిగారు వాళ్లలో ముందువరసలో ఉంటారు.

శ్రీశైలానికి ఎగువన, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సప్తనదుల సంగమేశ్వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్లలోనే ఉంటుంది. మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగాక గోడలు మెల్లగా తేలతాయి. జనం పడవల్లోనూ, కాలినడకనా చేరి, బురద కడిగి, వేపమొద్దు శివలింగానికి దీపం పెడతారు. ఇన్నేళ్లు నీళ్లలో నానినా ఆ వేప చెక్కుచెదరలేదు. నేనూ ఆ లింగానికి దణ్ణం పెట్టుకుంటాను. పెట్టుకుంటూ అంకె గుర్తు చేసుకుంటాను. స్వామి దర్శనమిచ్చే మట్టం, పోతిరెడ్డిపాడు గడప మట్టం దాదాపు ఒకటే. అక్కడ గంట మోగుతుందంటే ఇక్కడ కాలువ ఆగిపోయిందన్నమాటే.