కన్యాశుల్కము - వ్యాపారభావము

ఒక వృత్తినిగాని ఆచారమునుగాని వ్యాపారముగా మార్చుట యనగా నేమి? ధనము చేతులు మారుటయే దాని లక్షణమని సామాన్యముగా తలతురు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును పరిశీలించినచో ఈ లక్షణము చాలదని తేటపడును.

ఈ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శితమై 1897లో ముద్రితమైనది. 1909లో మిక్కిలి మార్పులతో మరల వెలువడినది. విశాఖపట్టణ మండల తీరప్రాంతమున మూడేండ్లలో జరిగిన 1034 శుల్కవివాహములను విజయనగర మహారాజు లెక్కింపించిన సంగతి తొలికూర్పు పీఠికయందు కలదు. కావున ఈ దురాచారము కవికల్పితము కాదు. కన్యకు తండ్రి అణుమాత్రమైనను శుల్కము గొనరాదనియు, గొన్నవాడు సంతానమును విక్రయించినవాడే యగుననియు మనుస్మృతి తృతీయాధ్యాయము చెప్పుచున్నది. అయినను శ్రోత్రియుడగు అగ్నిహోత్రావధానులు సుబ్బిని 1800 రూపాయలకు వృద్ధుడైన లుబ్ధావధానుల కీయ సిద్ధపడెను.

ఇచట ధనముకంటె లుబ్ధావధానుల ప్రవర్తనము గమనింపదగినది. తక్కువ వెలకు మరియొక పిల్ల దొరకునని విని ఆతడు మొదటి సంబంధమును విడిచెను. ఒక కన్యకు బదులు మరియొక కన్య చెల్లినది. వెల తప్ప తక్కిన భేదము లన్నియు లెక్కకు రాకపోవుటయే వ్యాపారభావమునకు అసలు లక్షణము. కరటకశాస్త్రి పన్నాగము ఫలించుటకు కారణమును ఇదియే. వెలను మాత్రమే చూచువాడు ఆడువేషమున నున్న శిష్యుని గుర్తింపలేకపోయెను.

మధురవాణి వృత్తియు విక్రయమే కదా యని ఆక్షేపింపవచ్చును. కాని సౌజన్యారావు పంతులు తన నియమమును సడలించి ఆమె కోరిన ముద్దు నీయబోగా ఆమెయే వారించినది. తాను కోరిన వెలను తానే విడిచినది. అమ్మరానిది యొకటి కలదని ఆమె యెరుగును. అవధానులకు ఆ హద్దు లేదు.

సంస్కృతమున వ్యాపారశబ్దమునకు పని యనునదే ప్రధానార్థము. వైయాకరణులు ధాత్వర్థమున ఫలము, వ్యాపారము అను రెండంశములను చెప్పిరి. తెలుగున ఆ శబ్దము క్రయవిక్రయములందు రూఢమైనది. ప్రతి పనికిని తనదైన ఫలము కలదు. వివాహమునకు గృహస్థధర్మము ఫలము. దానిని తొలగించి లాభమును ఆ స్థానమున నిలుపుటయే వ్యాపారముగా మార్చుట.

ఆనాడు వరుడు చెల్లించిన ధనమును వరకట్నమున కన్యాపక్షము చెల్లించుచున్నది. 1961 నాటి వరకట్న నిషేధశాసనము అమలులో నున్నను ఆ ఆచారము అంతరింపలేదు. దిక్కు మారినను బేరము మారలేదు. కావున ఈ నాటకమును గతించిన దురాచారముపై విమర్శగా మాత్రమే బోధించుట చాలదు. మానవసంబంధమునకు వెల కట్టు బుద్ధిపై విమర్శగా బోధించుట యుక్తము.