నలభై డాలర్ల బాకీ

శ్మశానంలో ముగ్గురు కూలీలు గొయ్యి తవ్వారు. వచ్చేవాళ్ల కోసం కుర్చీలు మోసుకొచ్చి వేశారు. మొత్తం ఏడు గంటల పని, ఈలోగా ఒక పెట్టె బీరు ఖాళీ అయింది. అంత్యక్రియలు మొదలయ్యే వేళకి ముగ్గురిలో ఒకడు పోయి తన ట్రక్కులో కూర్చున్నాడు. దగ్గరికెళ్లి నిలబడదామంటే అతనికి సూటు లేదు. పైగా పాస్టరు గారు నరకం మంటల ప్రస్తావన తెచ్చారంటే గుండె దడ. అందరూ వెళ్లాక అక్కడి గడ్డి కొయ్యాల్సిందీ అతనే. అందుకని ట్రక్కులోంచే చూస్తున్నాడు.

తళతళలాడే పెద్ద కారొకటి వచ్చి ఆగింది. పోయినవాడికి తాత వరసయ్యే ఆసామిది అయుంటుంది, ఆయనకి పెద్ద వ్యవసాయం ఉందని ఎవరో అన్నారు. కారులో ఉన్నది పోయినవాడి భార్య కాబోలు, నల్ల బట్టలు కొంతమంది ఆడవాళ్లకి భలే నప్పుతాయి అనుకుంటాడు. ఇంకా మట్టి కప్పనే లేదు, అప్పుడే పోయినవాడి ట్రక్కు అమ్మకానికి పెట్టారట. సైనిక బాకా మోగింది. ఎంత బాగుందో అనుకుంటాడు. కార్లన్నీ వెళ్లిపోయాక, ఆఖరి మాటగా, పోయినవాడు తనకి నలభై డాలర్లు బాకీ అని బయటపెడతాడు.

టామ్ టి. హాల్ 1968 నాటి పాట 'బ్యాలడ్ ఆఫ్ ఫార్టీ డాలర్స్' ఇంతే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఆఖరి మాటకి నవ్వొచ్చింది. వెంటనే మళ్లీ పెట్టుకుని విన్నాను. ఈసారి కారు దగ్గరే ఆగిపోయాను. మనవాడు ఊరికే చూడటం లేదు. చుట్టాల్లో డబ్బున్నవాడెవరు, భార్య పరిస్థితి ఏమిటి, ట్రక్కు అమ్మితే ఎంతొస్తుంది అని అంచనా వేస్తున్నాడు. ఏమీ తోచక చూస్తున్నాడనుకున్న ప్రతి చూపూ అప్పిచ్చినవాడి చూపే. మనం కొసమెరుపు అంటాం చూడండి, ఆ మెరుపు చాలా కథల్లో ఆఖరి వాక్యం మీద మెరిసి అక్కడే ఆరిపోతుంది. ఇక్కడది వెనక్కి పాకి పాట మొదలు దాకా వెలుగిస్తుంది. అంత చేసీ హాల్ ఒక్క మాట కూడా వివరించి చెప్పలేదు. పాటలో ఏది వదిలెయ్యాలో ఇంత బాగా తెలిసిన రచయిత అమెరికన్ కంట్రీ సంగీతంలో ఇంకొకరు లేరని నా నమ్మకం.

హాల్ 1936 మే 25న కెంటకీ రాష్ట్రంలో ఆలివ్ హిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఇటుకల పని చేస్తూ చర్చిలో ప్రసంగాలు చేసేవారు. తల్లి ఆయన చిన్నతనంలోనే పోయింది. వేటకెళ్లిన తండ్రికి తుపాకీ గాయమై పని చెయ్యలేని స్థితి రావడంతో, పదిహేనేళ్ల వయసులో బడి మానేసి బట్టల ఫ్యాక్టరీలో చేరారు. తర్వాత సైన్యంలో జర్మనీ వెళ్లారు, రేడియో స్టేషన్లలో డీజేగా చేశారు, వర్జీనియాలో రోనోక్ కాలేజీలో చేరి చదువుకున్నారు. 1964 జనవరి 1న, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరేసరికి చేతిలో గిటారు, జేబులో 46 డాలర్లు. న్యూకీస్ మ్యూజిక్ అనే పాటల ప్రచురణ సంస్థ వారానికి 50 డాలర్లిచ్చి రాయించుకుంది. అంటే పాటలోని నలభై డాలర్లు ఆనాటి ఆయన వారం జీతానికి పది తక్కువ. గొయ్యి తవ్విన మనిషికి ఆ బాకీ ఎంత బరువో ఊహించి రాయాల్సిన అవసరం ఆయనకి రాలేదు.

మొదట్లో ఆయన కూడా అడిగినవాళ్లకి అడిగినట్టు రాశారు. 1965లో జానీ రైట్ పాడిన 'హలో వియత్నాం' హాల్ రాసిందే. యుద్ధానికి బయల్దేరే సైనికుడి వీడ్కోలు అది, యుద్ధం ఎందుకు చెయ్యాలో కూడా అందులోనే చెప్పేస్తుంది. కంట్రీ హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. కొన్నేళ్ల తర్వాత అదే యుద్ధం మీద 'మామా బేక్ ఎ పై' రాశారు. కాళ్లు పోగొట్టుకున్నంత పనై చక్రాల కుర్చీలో ఇంటికి వస్తున్న కుర్రాడు, ఏం వండాలో అమ్మకీ నాన్నకీ పురమాయిస్తున్నాడు. ఒళ్లో దుప్పటి, దుప్పటి కింద దాచిన సీసా. ఇక నడిచేది లేదు కాబట్టి బూట్లకయ్యే డబ్బు మిగులుతుందని లెక్క వేసుకుంటాడు. యుద్ధం మంచిదా చెడ్డదా అని పాట తీర్పు చెప్పదు. ఈ రెండు పాటల నడుమ ఆయన నేర్చుకున్నదే ఆయన విద్య. అభిప్రాయం తీసేసి, ఆ చోట్లో బూట్లు పెట్టడం.

పేరు తెచ్చిన పాట 1968లో జీనీ సి. రైలీ పాడిన 'హార్పర్ వ్యాలీ పీటీఏ'. పాప్ పట్టికలోనూ కంట్రీ పట్టికలోనూ ఒకే పాటతో మొదటి స్థానం అందుకున్న తొలి మహిళ ఆమె. కథ ఇదీ: భర్త పోయిన ఒక తల్లి పొట్టి గౌన్లు వేసుకుంటోందని, మగవాళ్లతో తిరుగుతోందని, పిల్లని పెంచే పద్ధతి ఇది కాదని బడి సంఘం కూతురి చేతికి చీటీ ఇచ్చి పంపుతుంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ పొట్టి గౌనుతోనే మీటింగుకి వెళ్లి పెద్దమనుషుల్ని ఒక్కొక్కరినీ కడిగేస్తుంది. కడిగెయ్యడం ఎవరైనా రాస్తారు. నాకు నచ్చింది ఐసు. ఒకాయన తనని ఎన్నిసార్లు బయటికి రమ్మన్నాడో అంకెతో సహా చెప్పి, ఆయన ఊళ్లో లేనప్పుడు ఇంట్లో భార్య ఐసు బాగా వాడుతుందని అంటుంది. తాగుడు ఊసే లేదు, గ్లాసు ఊసే లేదు. ఐసు ఒక్కటే. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న ఒక గృహిణి సాయంత్రాలన్నీ ఆ ముక్కలో గడ్డకట్టి ఉన్నాయి. ఇంతసేపూ కథ చెబుతున్నది ఆ కూతురేనని ఆఖర్న తెలుస్తుంది. అక్కడ మళ్లీ మెరుపు వెనక్కి పాకుతుంది: చీటీ మోసుకెళ్లిన పిల్ల తల్లిని ఎంత గర్వంగా చూసిందో అప్పుడు మనకి తడుతుంది.

ఇక 'హోమ్‌కమింగ్'. 1969. నన్నడిగితే ఆయన రాసినవాటిలో దీన్ని మించింది లేదు. ఊళ్లు తిరుగుతూ పాడుకునే కొడుకు చాన్నాళ్లకి తండ్రిని చూడటానికి వచ్చాడు. పాటంతా కొడుకు మాటలే, తండ్రి గొంతు ఒక్కసారి కూడా వినపడదు. మన ఏకపాత్రాభినయంలో అవతలి మనిషి మాటని నటుడు తిరిగి పలికి మనకి అందిస్తాడు. హాల్ ఆ సాయం కూడా చెయ్యరు. జవాబులు వింటూ ప్రశ్నలు మనమే అల్లుకోవాలి. వేలికి ఉంగరమేమిట్రా అని తండ్రి అడిగాడని, అది మెక్సికోలో చవగ్గా కొన్నానని కొడుకు చెబితే తెలుస్తుంది. వాళ్ల వృత్తిలో పైకి దర్జాగా కనిపించాలట. చిక్కిపోయావు, పాలిపోయావు అని తండ్రి అన్నాడు. సారా కొట్లలో పాడతావా అని అడిగాడు. వాటిని నైట్ క్లబ్బులంటారని కొడుకు సర్దిచెప్పాడు.

ఈ పాట మొదలే ఒక దెబ్బ. వస్తున్నట్టు ముందుగా రాయాల్సింది, మీ ఇంటికి ఫోనుందని తెలీదు అంటాడు కొడుకు. ఎన్నాళ్లయిందో ఆ ఒక్క మాటతో తేలిపోయింది, సంవత్సరాలు లెక్కపెట్టక్కర్లేదు. ఆ తర్వాత పశువులు పుష్టిగా ఉన్నాయంటాడు, పెట్రోలు బంకులో కలిసినవాడి భార్యకి ఒంట్లో బాలేదట అంటాడు. చాలాకాలానికి ఇంటికెళ్లినవాళ్లు గుమ్మంలో మాట్లాడే మాటలే అవి. అసలు సంగతి నోటికి రాకుండా ఆ మాటల్ని అడ్డం పెట్టుకుంటున్నాడు.

అసలు సంగతి మధ్యలో వస్తుంది. అమ్మ పోయినప్పుడు అతను రాలేదు. కబురందేసరికి ఆలస్యమైంది. వచ్చే దారిలో సమాధి చూసొచ్చాడు. చూసి ఏమంటాడు? రాయి బాగుంది అంటాడు. ఏడుపు లేదు, క్షమించమని కాళ్ల మీద పడటం లేదు. తల్లి అంత్యక్రియలకి అందని కొడుకు తండ్రి ఎదుట ఇంకేం అనగలడు? ఆ చరణంలో హాల్ గొంతు కూడా మారదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేసి ముందుకెళ్తారు. నేను ఎన్నిసార్లు విన్నా అక్కడ గొంతు పట్టేస్తుంది.

కారులో నిద్రపోతున్న అమ్మాయి ఎవరని తండ్రి అడిగాడు. నా దగ్గర గిటారు వాయిస్తుందిలే అన్నాడు. ఆ రాత్రికి ఇంకో ఊళ్లో పాడాలి, వెళ్లాలి. ఫోను నంబరు రాసుకుంటానంటాడు. మొదటి చరణంలో లేదనుకున్న ఫోనే ఇది. ఈ నంబరుకి అతను చెయ్యడని తండ్రికీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. గుమ్మం దాటుతూ, బార్బరా వాకర్ కనిపిస్తే అడిగానని చెప్పమంటాడు. ఆ పేరు పాటలో అంతకుముందు రాలేదు, తర్వాత పాటే లేదు. ఆ ఊళ్లోనే ఉండిపోయి ఉంటే అతని బతుకు ఎలా ఉండేదో మొత్తం ఆ పేరులో ఉంది. పల్లవంటూ వేరే లేదు. అప్పటికే నాష్‌విల్‌లో పాటకి పట్టుకునే ముక్క ఒకటి ఉండాలి, అదే మళ్లీ మళ్లీ రావాలి అనేవాళ్లు. మన సినిమావాళ్లు ఇప్పుడు హుక్ లైన్ అంటున్నది దాన్నే. ఇంటికొచ్చి వెళ్లిపోయే కొడుకు కథలో మళ్లీ మళ్లీ రావడానికి ఏముంది!

ఇలాంటివి కుర్చీలో కూర్చుంటే తట్టవు. హాల్ కారేసుకుని కెంటకీ పల్లెల్లో తిరిగారు, ఆ తిరుగుడులోంచి 1971లో 'ఇన్ సెర్చ్ ఆఫ్ ఎ సాంగ్' ఆల్బం వచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో తనకి గిటారు మీద ఆశ పుట్టించిన మనిషి మీద రాసిన 'క్లేటన్ డెలానీ' పాట అందులోదే. అందులోనే 'ట్రిప్ టు హైడెన్' ఉంది. 1970 డిసెంబరు 30న హైడెన్ దగ్గర హరికేన్ క్రీక్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 38 మంది కార్మికులు చనిపోయారు. గని కార్మికుల భద్రత కోసం చేసిన చట్టం మీద సంతకం పడి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. హాల్ ఆ ఊరికి వెళ్లారు. పాటలో శోకం లేదు, దారి ఉంది, దారి చెప్పిన మనుషులున్నారు. ఆఖర్న ఒక ఆడమనిషి, ఉన్నప్పటికన్నా పోయాకే వాళ్లకి విలువ ఎక్కువైందని అంటుంది, పరిహారం సొమ్ము తలుచుకుని. ఆవిడ బాగానే చెప్పింది కాబట్టి నేనిక్కడ ఆపుతానంటూ ఆయన నిజంగానే ఆపేస్తారు. ఎదుటి మనిషి మాట తన మాటకన్నా మిన్న అని తెలిసి తప్పుకోవడానికి రాసేవాడికి చాలా ధైర్యం కావాలి.

ఆ మర్యాద 'ఓల్డ్ డాగ్స్, చిల్డ్రన్ అండ్ వాటర్‌మెలన్ వైన్'లో ఇంకా బాగా కనిపిస్తుంది. 1972లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరిగిన రోజుల్లో మయామీ బీచ్ హోటల్ బార్‌లో, ఊడ్చి తుడిచే నల్లజాతి ముసలాయన ఒకరు హాల్‌తో మాట కలిపారు. అరవై అయిదు నిండిన మనిషి. జీవితంలో విలువైనవి మూడే అన్నారు: ముసలి కుక్కలు, పిల్లలు, పుచ్చకాయ వైన్. హాల్ ఆయన ఎదుట కాగితం తియ్యలేదు. ముసలాయన అవతలికి వెళ్లాకే కలం వెతుక్కుని ఆ మాట రాసుకున్నారు. గదికి వెళ్తూ వెనక్కి చూస్తే, బల్ల మీద తను వదిలిన చిల్లర ముసలాయన ఏరుకుంటున్నాడు. జ్ఞాని అని మొక్కి వదిలేస్తే పాట తేలిపోయేది. చిల్లర ఏరుకునే చేతులు చూపించడంతో ఆ మనిషి మనిషిగా నిలబడ్డాడు.

అన్నీ ఇంత గట్టివని అనను. 1973 నాటి 'ఐ లవ్' దేశమంతా పాడుకుంది. ఇష్టమైనవాటి జాబితా అది, ఎవరూ ఎవరితో మాట్లాడరు. నాకు చప్పగా ఉంటుంది. 1996లో అలన్ జాక్సన్ పాడి మొదటి స్థానానికి తీసుకెళ్లిన 'లిటిల్ బిట్టీ' సరదా పాట. మలి వయసులో భార్య డిక్సీతో కలిసి బ్లూగ్రాస్ గాయకుల కోసం చాలా రాశారు. 2008లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2021 ఆగస్టు 20న, 85 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

కొత్తగా వినేవాళ్లు 'హోమ్‌కమింగ్'తో మొదలుపెట్టండి. కెంటకీ యాస మొదట్లో చెవికి పట్టకపోతే సాహిత్యం ఎదురుగా పెట్టుకోండి, బాణీ తేలికే, మాటకి ఎక్కడా అడ్డం రాదు. తర్వాత శ్మశానం పాట వినండి. రెండోసారి వినేటప్పుడు మాత్రం ఆ పెద్ద కారు వచ్చిన దగ్గర్నుంచి, ట్రక్కులో కూర్చున్న మనిషి పక్కన కూర్చుని వినండి.