మధ్యవర్తి యను మాట

ఇతరులు పంపిన అశ్లీల దృశ్యములను చూపి ధనమార్జించు కంపెనీలకును 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 'మధ్యవర్తు'లను పేరే యిచ్చినది. ఈ పేరు మాకు సమ్మతము గాదు. మా బందరు సీమలో మధ్యవర్తి యనగా ఉభయపక్షములకు జవాబుదారి.

అత్యాచారపు వీడియోలు చేతులు మారుచుండగా హైదరాబాదు 'ప్రజ్వల' సంస్థ 2015లో సుప్రీంకోర్టుకు మొరపెట్టుకొనవలసివచ్చెను. 2021 నియమములు ఫిర్యాదు వచ్చిన 24 గంటలలో నగ్నదృశ్యములను తొలగింపుమనెను. మంచిదే, కాని ఫిర్యాదు భారము బాధితురాలిదే. దివిసీమ కాలువకు గండి పడినచో, మునిగిన రైతు వచ్చి చెప్పువరకు లాకు కాయువాడు కూర్చుండునా?

శక్తి లేదందురా? 2020 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డు చెల్లింపులు నిలుపగా, పోర్న్‌హబ్ కంపెనీ ధ్రువీకరణ లేనివారి వీడియోలను లక్షలకొలదిగా దినములలోనే తొలగించెను. కావున, అందున్నవారి సమ్మతి విచారించిన పిమ్మటనే చూపవలెనను విధి చట్టమునందుండవలెను. సిగ్గుపడవలసినది మన ఆడపిల్ల గాదు.