మాస్టర్ ప్లాన్‌లో వాడ ఎక్కడ?

అమరావతి మీద వచ్చిన రాతల్లో చాలావరకు రాజధాని ఒకటా మూడా, ఏ పార్టీ ముంచింది అన్న దగ్గరే ఆగిపోయాయి. మేము అడగదల్చుకున్నది వేరు. 2016 ఫిబ్రవరిలో గెజిట్‌కెక్కిన మాస్టర్ ప్లాన్‌లో కూలీ మనిషి ఇంటికి చోటెక్కడ?

ఆ ప్లాన్‌లో నివాస జోన్లు నాలుగు. ఆర్-1 అంటే అప్పటికే ఉన్న ఊళ్ళు. ఆర్-2 తక్కువ సాంద్రత, ఆర్-3 మధ్యస్థం నుంచి ఎక్కువ, ఆర్-4 ఎక్కువ సాంద్రత. కులం మాటెక్కడా లేదు, అంతా కొలతల భాషే. కానీ ఎకరానికి ఎన్ని ఇళ్ళు, ప్లాటు ఎంత అని రాసినప్పుడే అక్కడ ఎవరుండగలరో తేలిపోతుంది. ప్లాటు పెద్దదైతే నేల ధరంతా ఒక్క ఇంటి నెత్తినే పడుతుంది. అదే నేల మీద నాలుగంతస్తులు లేస్తే నలుగురూ పంచుకుంటారు.

ఈ కొలతల భాష సంగతి అమెరికాలో నల్లవాళ్ళకు ఎప్పుడో తెలుసు. తెల్లవాళ్ళు ఎక్కువున్న వీధిలో నల్లవాళ్ళు ఇల్లు కొని కాపురముండకూడదన్న లూయీవిల్ నగర నిబంధనను 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. రంగు పేరు చెప్పడం కుదరలేదు గనక చాలా శివార్లు ప్లాటు సైజు పెంచి, అపార్ట్‌మెంట్లు వద్దని అదే పని చేసుకున్నాయి. 1975లో మౌంట్ లారెల్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, పేదల ఇళ్ళకు ప్రతి ఊరూ తన వంతు చోటివ్వాలని చెప్పేదాకా నల్లవాళ్ళు కొట్లాడాల్సి వచ్చింది.

మనకు ఆ మాట చట్టంలోనే ఉంది. 2014 సీఆర్‌డీఏ చట్టం 53వ సెక్షన్ ప్రకారం సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్ళకు పోవాలి. రాజధాని ఊళ్ళలో ఐదువేల చిల్లర టిడ్కో ఫ్లాట్లు కట్టిన మాట నిజమే. ఈ 5 శాతానికి మాత్రం ప్లాన్‌లో ఒక జోనంటూ పేరు పెట్టలేదు.

2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో దాదాపు 900 ఎకరాలతో ఆర్-5 తెచ్చారు. నాలుగు జోన్లున్న చోట పేదలకు ఐదోది! ఎవరూ కావాలని పెట్టకపోవచ్చు గానీ, పంచములమైన మాకు ఆ అంకె అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మే 26న వెంకటపాలెంలో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలకు యాభై వేలకు పైగా పట్టాలిచ్చారు. తలా ఒక సెంటు, అంటే 48 గజాలు. మంచం వేస్తే గోడ తగిలే జాగా. కోర్టు పిటిషన్లలో పేదలొస్తే 'జనాభా సమతుల్యం' దెబ్బతింటుందన్నారని అప్పటి ముఖ్యమంత్రి సభల్లో పదేపదే చెప్పారు. సమతుల్యం అంటే ఎవరి పక్కన ఎవరుండాలన్న లెక్కే కదా? మరి పేదల్ని ఒక్కచోట పోగేసి వేరే జోను గీసిన ఆయన ప్రభుత్వం చేసిందేమిటి? అదీ అదే లెక్క.

రైతుల వాదన అంతా కులాహంకారమే అని కొట్టిపారేయలేం. ప్లాన్‌ను నమ్మి భూములిచ్చారు, మార్చకూడదన్నారు. వాళ్ళలో చిన్న దళిత రైతులూ ఉన్నారు. అయితే 2016లోనే 41వ జీవోతో అసైన్డ్ భూములకు పట్టా భూముల కన్నా తక్కువ వాటా రాసినప్పుడు ఇంత గొంతు ఎందుకు లేవలేదు?

2023 ఆగస్టు 3న హైకోర్టు ఆర్-5లో ఇళ్ళ నిర్మాణం ఆపింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ పట్టాదారులకు వేరేచోట స్థలాలిస్తామన్నారు. వేరేచోట అన్న మాట మా వాడలకు కొత్త కాదు.

2025 మేలో రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ 5 శాతం ఏ లేఅవుట్‌లో ఎక్కడుందో మ్యాపు మీద గీసి చూపమని సంఘాలు, విద్యార్థులు సీఆర్‌డీఏను ఇప్పుడే అడగాలి. విడి జోనుగా వద్దు. ఆర్-2, ఆర్-3 వీధుల్లోనే, పక్కిల్లుగా కావాలి.