వెబ్ అనువర్తనాలలో స్టేట్ మెషీన్ లైబ్రరీలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక అనువర్తనం ఏ క్షణంలో ఏ స్థితిలో ఉన్నది, అక్కడి నుండి ఏయే స్థితులకు వెళ్ళగలదు అనే ప్రశ్నలకు ప్రోగ్రాములోనే స్పష్టమైన సమాధానం ఉండాలన్నది స్టేట్ మెషీన్ భావనకు మూలం. 1950ల మధ్యలో మీలీ, మూర్ రూపొందించిన నమూనాలు దీనికి గణిత రూపమిచ్చాయి. వెబ్ రంగంలో ఈ భావన అవసరాన్ని ఒక ఉదాహరణ తేటపరుస్తుంది. పరీక్ష రుసుము చెల్లించే పేజీలో ‘పంపుతున్నది’, ‘విఫలమైనది’, ‘పూర్తయినది’ వంటి ఐదు అవును–కాదు గుర్తులు ఉంటే 32 కలయికలు ఏర్పడతాయి. వాటిలో అర్థవంతమైనవి ఐదారుకు మించవు. ‘విఫలమైనది’, ‘పూర్తయినది’ రెండూ ఒకేసారి నిజమైతే విద్యార్థి రెండోసారి సొమ్ము చెల్లించే ప్రమాదం ఉంది.

గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 1994లో వివరించిన స్టేట్ ప్యాటర్న్ ప్రతి స్థితినీ ఒక క్లాసుగా మలచింది. దీనివల్ల షరతుల వరుసలు తగ్గుతాయి. అయితే తదుపరి స్థితిని ఆయా క్లాసులే నిర్ణయించినప్పుడు ఒక క్లాసు మరొక క్లాసును ఎరిగి ఉండక తప్పదు. మార్పుల పూర్తి చిత్రం ఏ ఒక్క చోటా కనిపించదు.

రూబీ భాషలోని ఏఏఎస్ఎం లైబ్రరీ ఈ లోపాన్ని కొంత సవరించింది. స్థితులను, సంఘటనలను, మార్పులను మోడల్ క్లాసులో ఒకే చోట ప్రకటించవచ్చు. ప్రస్తుత స్థితి సాధారణంగా డేటాబేస్ కాలమ్‌లో నిలుస్తుంది. కానీ రెండు అభ్యర్థనలు ఏకకాలంలో పాత స్థితినే చదివితే రెండూ చెల్లుబాటు కావచ్చు. ఇందుకు లాక్ సదుపాయం ఉన్నప్పటికీ, దానిని ప్రోగ్రామరే కోరి అమర్చుకోవాలి.

లావీ యుద్ధవిమానపు ఎలక్ట్రానిక్ వ్యవస్థపై చేసిన కృషి నుండి డేవిడ్ హరేల్ రూపొందించి 1987లో ప్రచురించిన స్టేట్‌చార్టులు స్థితులలో అంతర్భాగ స్థితులకు, సమాంతర స్థితులకు చోటు కల్పించాయి. స్థితుల సంఖ్య విపరీతంగా పెరగడాన్ని ఇవి అరికట్టాయి. ఈ సంప్రదాయానికి 2015లో డబ్ల్యూ3సీ ప్రమాణమైన ఎస్‌సీఎక్స్ఎంఎల్ ఒక రూపం. జావాస్క్రిప్ట్‌లోని ఎక్స్‌స్టేట్ మరొక రూపం. ఎక్స్‌స్టేట్‌లో మార్పుల పట్టిక దత్తాంశంగానే ఉంటుంది. కనుక దానిని చిత్రంగా గీయవచ్చు, పరీక్షించవచ్చు. 2023లో వచ్చిన ఐదవ వెర్షన్ యాక్టర్ భావనను కేంద్రంగా చేసుకున్నది.

అయితే ఇక్కడ రెండు బలహీనతలు కనిపిస్తాయి. మొదటిది, పరిమిత స్థితులతోపాటు ‘కాంటెక్స్ట్’ అనే అదనపు దత్తాంశానికి అవకాశం ఉండటం. ప్రోగ్రామరు అవును–కాదు గుర్తులను అందులో చేర్చి, వాటిని చదివే గార్డులపై మార్పులను ఆధారపరిస్తే, తొలగించామనుకున్న 32 కలయికలు దొడ్డిదారిన తిరిగి వస్తాయి. అప్పుడు చిత్రం చక్కగానే ఉంటుంది, ప్రవర్తన మాత్రం దానికి భిన్నంగా ఉంటుంది. రెండవది, బ్రౌజరులోని యంత్రం సర్వరులోని సత్యానికి ప్రత్యామ్నాయం కాకపోవడం. హెచ్‌టీటీపీ స్వభావతః స్థితిరహితం. వినియోగదారుడు పాత పేజీకి వెనక్కి వెళ్ళవచ్చు, అదే పేజీని రెండు ట్యాబ్‌లలో తెరవవచ్చు. కాబట్టి ‘చెల్లించినది’ అన్న స్థితిని సర్వరు తిరిగి ధ్రువీకరించాలి.

అందువల్ల ఈ లైబ్రరీలను అవి అందించే సౌకర్యాల సంఖ్యతో కాక, అసాధ్యం కావలసిన స్థితిని నిజంగా అసాధ్యం చేయగలుగుతున్నాయా అన్న కొలమానంతో అంచనా వేయాలి. ఆటోమేటా సిద్ధాంతాన్ని, వెబ్ సాంకేతికతను వేర్వేరు పాఠ్యాంశాలుగా బోధించే విభాగాలకు, ఆ రెంటినీ కలిపి చూపే అనువైన అధ్యయన క్షేత్రం ఇదే.