నేరం, ఊరు, వినికిడి: డాంటికా కథ – గల్ఫ్ వలస వస్తువు

ఎడ్విడ్జ్ డాంటికా ‘ద డ్యూ బ్రేకర్’ (2004)లోని ‘నైట్ టాకర్స్’ కథలో క్లాడ్ కిశోరప్రాయంలోనే తండ్రిని చంపిన హైతీ సంతతి యువకుడు. శిక్ష అనుభవించాక అమెరికా అతన్ని హైతీకి తిప్పి పంపింది. అదివరకెన్నడూ చూడని కొండపల్లె అతనికి చోటిచ్చి, అతని కుటుంబవృత్తాంతాన్ని అతనికే చెబుతుంది. తల్లిదండ్రుల హత్య తాలూకు వేదనతో నిద్రలో పలవరించే డానీ, క్లాడ్ తన పీడకలను ఇతరులకూ చెప్పుకోగలగడాన్ని భాగ్యంగా గుర్తిస్తాడు. కనుక ఇక్కడ విమోచన క్షమతో కాక, చెప్పుకోవడంతో, వినడంతో మొదలవుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గల్ఫ్ వలస సాహిత్య వస్తువైంది. పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ నవల అందుకు ఉదాహరణ. అప్పు, ఏజెంటు మోసం, శవపేటిక చుట్టూ తిరిగే ఈ వస్తువులో వలసజీవి ప్రధానంగా బాధితుడు. అయితే దుబాయిలో నేపాలీ కాపలాదారు హత్యకేసులో శిక్షపడిన ఐదుగురు సిరిసిల్ల ప్రాంతవాసులు సుమారు 18 ఏళ్ల తర్వాత ఇల్లు చేరారు. వారి దోషనిర్ణయం సాహిత్య విమర్శ పని కాదు. జైలు ముద్రతో వచ్చినవాని మాటను ఊరు ఎలా వింటుందన్నదే కథకు మిగిలిన ప్రశ్న. బాధితునిపై జాలి సులభం. మృతుని కుటుంబ దుఃఖాన్ని మరువకుండానే, దోషిగా ముద్రపడినవానికి గొంతునివ్వడం కష్టం. గల్ఫ్ కథ పరిణతికి అదే గీటురాయి.